ఆరు పెన్సిల్ సెల్లులు

2007 ఏప్రిల్ 29

ఇది పోయిన సంవత్సరం డైరీ. ఎరువుల అంగడాయన ఇచ్చాడు, అట్లే పడి ఉంది. తారీఖులు కొట్టేసి నావి వేసుకుంటున్నాను. ఫోటో కవర్ల మీద పేర్లు రాసీ రాసీ వచ్చిన అక్షరాలు నావి, బడిలో దిద్దినవి కావు. ఎవరూ చదివేది లేదు కాబట్టి తప్పులున్నా ఫరవాలేదు.

ఈ రోజు కోడలు హేమావతితో మాటా మాటా వచ్చింది. కొడుకు జయరాంకు ఫోన్ చేస్తే తాడిపత్రిలో లారీకి బండలు ఎత్తుతున్నారంట, "మీరూ మీరూ చూసుకోండి నాయనా" అని పెట్టేశాడు. ఇంక ఎవరితో చెప్పుకోవాలి.

విషయం ఏమంటే, ఒక కాగితం మీద బొమ్మ తెచ్చి చూపించింది. కెమెరా కింద తగిలించే పిడి. బ్యాటరీ గ్రిప్ అంటారంట.

"ఇది తగిలిస్తే రెండు బ్యాటరీలు పడతాయి మామా. బ్యాటరీ అయిపోయిన పొద్దు ఆరు పెన్సిల్ సెల్లులు వేసినా పని చేస్తాది. మనకు కరెంటు యాడ ఉండాది? ఇంగ నిలువు ఫోటో తీసేటప్పుడు మోచెయ్యి పైకెత్తే పని లేదు. ఈడ ఇంకొక బటన్ ఉండాది, చూడు."

"పారకు పిడి కావల్ల. కొడవలికి పిడి కావల్ల. కెమెరాకు ఎందుకు? నలభై ఏండ్లు ఒట్టి చేతుల్తో తీసినా నేను."

"కాదు మామా, నీ చెయ్యి..." అని ఆగింది.

"నా చెయ్యికి ఏమైంది?"

"ఏమీ కాలే." కంప్యూటర్ దిక్కు తిరిగి కూర్చుంది.

నా చెయ్యికి ఏమీ కాలేదు.

మే 1

కరెంటు పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం మూడు తర్వాత కొంచెం. అది కూడా గుడ్డి దీపం. చార్జర్ మీద లైటు వెలిగీ ఆరీ చేస్తోంది. అయినా గడిచిపోతోంది కదా.

మే 3

నల్లమ్మ కూతురి పెళ్ళి. పందిట్లో అందరి ముందరా హేమావతి మళ్ళీ పిడి సంగతి ఎత్తింది. నాకు ఒళ్ళు మండింది. ఒక్క బ్యాటరీతో పెళ్ళి మొత్తం తీసి చూపిస్తాను అన్నాను. అందరూ నవ్వారు. తలంబ్రాలు, అరుంధతి, అప్పగింతలు, బంతిలో కూర్చున్నవాళ్ళను కూడా వదలలేదు. మూడు వందల పన్నెండు. బ్యాటరీ గుర్తులో ఇంకా ఒక గీత మిగిలింది.

"చూసినావా?" అన్నాను.

"చూసినా. ఇట్లియ్యి మామా, చార్జింగ్‌కు పెడతా."

"అక్కర్లేదు. ఈ గీతతో ఇంకొక వంద తీస్తా."

కెమెరా సంచిని నా మంచం కిందికి తోసుకున్నాను. ఆమె చెయ్యి పెట్టకుండా.

మే 4

తిప్పయ్య భార్య మారెక్క పోయింది. గొర్ల వెంబడి పోయి ఎండదెబ్బ తగిలిందంట. ఆమె చెల్లెలు గంగక్క ఏడ్చుకుంటూ వచ్చి పిలిచింది. పోయి ఫోటో తీసి వచ్చాను. మూడు తీశాను.

ఇంతే.

మే 5

"మామా, కెమెరా కార్డులో మారెక్కమ్మవి కనపడలేదే?" అని హేమావతి అడిగింది.

కార్డు చెడిపోయి ఉంటుంది అన్నాను. నాసిరకం సరుకు. ఎండకు కాగి చెడిపోయి ఉంటుంది.

కార్డు చెడిపోయింది.

మే 6

మూడో రోజు సమాధి మీద పాలు పోసి, అట్నుంచి అట్లే తిప్పయ్య అంగడికి వచ్చాడు. భుజాన కంబళి, మెడలో తాడుకు కట్టిన చిన్న రేడియో. రెండు కళ్ళకూ పొర వచ్చి రెండేళ్ళయింది, గడప తడుముకుంటూ ఎక్కాడు.

"అయిందా కుళ్ళాయన్నా? మా మారి ఫోటో?"

"ఇంకా కాలేదు తిప్పయ్యా. మిషనులో ఉండాది."

"సరే అన్నా. నాకేం తొందర లేదు." కొంచెం సేపు నిలబడ్డాడు. నేనేమైనా అంటానేమో అన్నట్టు. తర్వాత పోయాడు.

ఆ మనిషి పోయిన తర్వాత తలుపు వేసుకుని రాస్తున్నాను. నాలుగో తారీఖున రాసింది అబద్ధం. ఐదో తారీఖున రాసింది కూడా. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాసుకున్నాను. నా బుద్ధి అట్లాంటిది.

జరిగింది ఇది.

మారెక్కను వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టి, జారకుండా పాత చీరతో నడుముకు కట్టి, పసుపు రాసి రూపాయి కాసంత కుంకుమ పెట్టి, పూలదండ వేశారు. తిప్పయ్య పక్కన నిలబడి కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. చుట్టూ ముప్పై మంది. "ఇంగ తీయన్నా" అన్నారు.

నొక్కాను. కెమెరాలో ప్రాణం లేదు. బ్యాటరీ ఊడదీసి చొక్కాకు రుద్ది, అరచేతుల్లో పెట్టి వెచ్చజేసి మళ్ళీ వేశాను. ఒక్కసారి మిణుకుమని చచ్చిపోయింది.

ఆమె బతికి ఉన్నప్పుడు ఒక్క ఫోటో లేదు. ఓటు కార్డుకు పిలిచిన రోజు మొగుడూ పెళ్ళామూ గొర్లు తోలుకుని కర్ణాటక దిక్కు పోయి ఉన్నారు. రేషన్ కార్డుకు తీసింది నేనే. సరిగ్గా నొక్కేసరికి పొట్టేలు అరిచిందని అటు తిరిగింది. ఆ కార్డులో ఉండేది మారెక్క చెవి, కమ్మ, కొంచెం కొప్పు. ఇంకొకటి తీస్తా ఉండమ్మా అంటే, "చెవి చాల్లే అన్నా, నేనేమన్నా సినిమా దాన్నా" అని నవ్వి పోయింది. ఇదంతా తెలిసిన మనిషిని నేను.

బ్యాటరీ లేదప్పా అని ఒక్క మాట అనాల్సింది. అంటే చార్జింగ్ ఎక్కించి తెచ్చేదాకా వాళ్ళు ఆగేవాళ్ళు. నేల బండ మాదిరి ఉంది, గుంత కూడా ఇంకా మోకాలి లోతే అయింది. నల్లమ్మ ఇంటి పెళ్ళికి వచ్చి ఉండిపోయిన చుట్టాలు నలుగురు ఆడనే ఉన్నారు. ఒక్క బ్యాటరీతో అన్నాను కదా వాళ్ళ ముందు.

చెప్పకుండా ఫ్లాష్ మీద చెయ్యి వేశాను.

ఫ్లాష్ వెనకాల ఎర్రటి మీట ఒకటి ఉంటుంది. అది నొక్కితే కెమెరాతో పని లేకుండా మెరుస్తుంది. ఫ్లాష్‌లో వేరే సెల్లులు ఉంటాయి కదా. కెమెరాను కంటికి ఆనించి, బొటనవేలితో ఆ మీట నొక్కాను. మెరిసింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ. ముసలివాళ్ళు దండం పెట్టుకున్నారు.

"పడిందా అన్నా?" అన్నాడు తిప్పయ్య.

"పడింది" అన్నాను.

మే 7

అంగడి తియ్యలేదు. ఒళ్ళు బాగాలేదని చెప్పాను.

మే 8

హేమావతి అనంతపురం పోయింది. ఆమె పుట్టినిల్లు అక్కడే, కంప్యూటర్ నేర్చింది కూడా అక్కడే. చెడిపోయిన కార్డులోంచి ఫోటోలు బయటికి తీసే అంగడి ఉందంట. చెరిపేసినవి కూడా వస్తాయంట.

"నువ్వు బాధపడద్దు మామా. తిప్పయ్య మామ మొగం చూడలేకుండా అన్నం మానేసినావు, నాకు తెలుసు. ఎట్లన్నా చేసి తెస్తా."

బస్సు ఎక్కేదాకా పక్కనే నిలబడ్డాను. కార్డు బాగానే ఉంది అని చెప్పడానికి అంతసేపు ఉండింది. బస్సు కూడా ఆలస్యంగానే వచ్చింది.

మే 9

తిప్పయ్య వచ్చాడు. "అయిందా అన్నా?" రేపు అన్నాను. "సరే అన్నా."

హేమ ఇంకా రాలేదు. బస్సుల దగ్గరికి రెండుసార్లు పోయి చూసి వచ్చాను. రావాలనో, రాకూడదనో.

మే 10

వచ్చింది.

సంచి దించి, మొగం కడుక్కుని, నాకు మజ్జిగ ఇచ్చింది. తర్వాత కంప్యూటర్‌లో సీడీ వేసింది.

"కార్డుకు ఏమీ కాలేదంట మామా. అన్నీ వచ్చినాయి. నల్లమ్మత్త ఇంట్లో పెళ్ళి వచ్చింది. చెరిపేసినవి గూడా వచ్చినాయి. మారెక్కమ్మది ఒక్కటీ లేదు."

నేను మజ్జిగ తాగుతున్నాను.

"పెళ్ళిలో ఆఖరిది మూడో తారీఖుదే. నాలుగో తారీఖున ఒక్క ఫోటో గూడా ఎక్కలేదు కార్డులోకి."

గ్లాసు ఖాళీ అయింది. అయినా నోటి దగ్గరే పెట్టుకున్నాను.

ఆమె కంప్యూటర్ దిక్కు తిరిగింది. తెర మీద ఫోటోలు ఒకటొకటే జరుపుతోంది. అప్పుడు చూశాను. కొన్ని నేనెప్పుడూ చూడనివి. పెళ్ళికూతురు నిలువుగా, మొగం రెండు మొగాలుగా. ఓబమ్మ మనవడి పుట్టు వెంట్రుకల రోజు, కత్తెర ఎక్కడుందో తల ఎక్కడుందో తెలియదు. ఎవరో ముసలాయన, పొగలో నిలబడినట్టు. అన్నీ నిలువువే. తొంభై పైన ఉన్నాయి.

"ఇవి ఎవరు తీసినారు?" అన్నాను.

ఆమె ఇంకొక ఫోటో జరిపింది. నాకే తెలిసింది. మా అంగట్లో ఫోటో తీసేది ఒక్కడే.

"నువ్వు చెరిపినావా?"

"ఊఁ."

"ఎప్పట్నుంచి?"

"దసరా కాడ్నుంచి. అడ్డం ఫోటోలు బాగనే వస్తాయి మామా. నిలువు తీసేటప్పుడు మోచెయ్యి గాల్లో ఉంటాది కదా, అప్పుడు చెయ్యి వణుకుతాది. ప్రతిదీ రెండు మూడు తీస్తావు కాబట్టి బాగుండేది ఏరుకుంటి. మిగిలినవి నీకు చూపించేదానికి నాకు మనసు రాలే."

దసరా నుంచి. ఏడెనిమిది నెలలు. నేను గిరాకీల ముందర కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటే, ఈ పిల్ల నా వెనకాల నా వణుకు తుడుస్తూ వచ్చింది. దానికి నేను పార, కొడవలి అని ఎగతాళి చేశాను.

సంచిలోంచి ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. నేను అడగకముందే "మా అమ్మ ఇచ్చిన కమ్మలు మార్చి తెచ్చినా, నీ అంగడి సొమ్ము కాదు" అంది.

పిడి.

మే 11

ఆమె బావి దగ్గరికి పోయినప్పుడు డబ్బా విప్పి చూశాను. నల్లగా, బరువుగా ఉంది. కింద మర తిప్పితే కెమెరాకు పట్టుకుంటుంది. పట్టుకున్న తర్వాత కెమెరా మునుపటి కంటే బరువు. బరువైతే చెయ్యి ఎక్కువ వణుకుతుంది అనుకున్నాను. వణకలేదు. అరచెయ్యి నిండా పట్టు దొరికింది. నిలువుగా తిప్పి, పక్కనున్న బటన్ మీద వేలు పెట్టాను. మోచెయ్యి డొక్కకు ఆనింది. గోడ మీది బల్లిని తీశాను. బల్లి కాలి వేళ్ళు లెక్కపెట్టుకోవచ్చు.

డబ్బాలో ఇంకొక చిన్న పెట్టె ఉంది. పెన్సిల్ సెల్లులు వేసేది. మూడు ఇటు, మూడు అటు.

ఫ్లాష్ తెరిచాను. అందులో నాలుగు. ఊడదీసి ఆ పెట్టెలో పెట్టి చూశాను. సరిగ్గా కూర్చున్నాయి. ఇంకా రెండు కావాలి.

అంగడి అంతా వెతికాను, ఇంకో రెండు ఎక్కడ అని. గడియారంలో ఒకటే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. తిప్పయ్య మెడలో రేడియో. ఆ రోజు కూడా ఉంది. ఆపేసి, మెడలోనే ఉంది. దానికి రెండు పెన్సిల్ సెల్లులు పడతాయి, పోయిన ఉగాదికి మా ఎదురంగట్లో కొన్నాడు, నేనే వేసి ఇచ్చాను.

నాలుగూ రెండూ ఆరు. మారెక్కను కూర్చోబెట్టిన ఆ వాకిట్లో ఆరు సెల్లులూ ఉన్నాయి. పట్టపగలు, ఫ్లాష్‌తో పని లేదు. ఈ పిడి ఒక్కటి ఉండి ఉంటే ఆమె మొగం ఈ రోజు కవరులో ఉండేది.

పిడి ఎందుకు లేదో నాకు తెలుసు.

మే 12

ఈ రోజు చేసింది కూడా రాసి పెట్టాలి.

తిప్పయ్య వచ్చాడు. "అయిందా అన్నా? ఎల్లుండి దినం. పటం ముందర పెట్టల్ల కదా."

ఎల్లుండి తెస్తాను అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

ఆ మనిషి మెట్లు దిగగానే హేమావతిని పిలిచి, రేషన్ కార్డు ఫోటోలోని చెవి, కొప్పు ఉన్నాయి కదా, గంగక్క మొగం అక్క మొగం మాదిరే ఉంటుంది కదా, రెండూ కలిపి కంప్యూటర్‌లో ఏదైనా చెయ్యి అన్నాను. తిప్పయ్యకు సరిగ్గా కనపడదు కూడా, అన్నాను. ఈ మాట కూడా అన్నాను.

ఆమె మౌస్ వదిలేసి నా దిక్కు తిరిగింది.

"అది నేను చెయ్యను మామా."

"ఏం, చేతగాదా?"

"చేతనయితాది. చెయ్యను. నాకు నువ్వు ఏమీ చెప్పాల్సిన పని లేదు, నేను అడగను గూడా. ఆయప్పకు చెప్పు."

కొట్టినట్టయింది. ఇంట్లో ఎవరూ నాతో అట్లా మాట్లాడలేదు ఇంతవరకు. మాట్లాడాల్సినవాళ్ళు ముందే మాట్లాడి ఉంటే బాగుండేదేమో.

మే 13

పోవాలి. పోలేదు.

మే 14

పొద్దున స్నానం చేసి, కెమెరాకు పిడి తగిలించి, సంచి వేసుకుని బయల్దేరాను. బ్యాటరీని ఇంట్లోనే చార్జర్ పక్కన పెట్టి, చిన్న పెట్టెలో ఫ్లాష్ సెల్లులు నాలుగు వేసుకుని పోయాను. ఎందుకట్లా చేశానో హేమావతి అడగలేదు.

దినం భోజనాలు అయిపోయాయి. చాలామంది పోయారు. ఇంటి ముందర బండ అరుగు మీద తిప్పయ్య ఒక్కడే కూర్చుని ఉన్నాడు. లోపల మారెక్కకు పెట్టిన కొత్త చీర, కుంకుమ, అన్నం. పటం పెట్టాల్సిన చోట ఒక పీట ఖాళీగా ఉంది. అది చూసి వెనక్కి పోదామనుకున్నాను. నిజం చెప్పాలంటే రెండడుగులు వేశాను కూడా.

"కుళ్ళాయన్నా, యాడికి పోతాండావు?" అన్నాడు. చెప్పుల చప్పుడు పట్టేశాడు.

వచ్చి ముందర నిలబడ్డాను. కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

"తిప్పయ్యా, ఫోటో పడలేదు. ఆ పొద్దు బ్యాటరీ అయిపోయింది. మీ అందరి ముందర చెప్పేదానికి సిగ్గుపడి ఒట్టి ఫ్లాష్ కొట్టినా."

"తెలుసు" అన్నాడు.

"ఎవరు చెప్పిరి?"

"ఎవరన్నా చెప్పల్నా? పొర వచ్చింది కండ్లకు. చెవులకు కాదు. మెరుపు మూడు తూర్లు మెరిసె. టక్ అని ఒక్క తూరి అన్లేదు నీ మిషను. రేషన్ కార్డు పొద్దు టక్ మనిందే, ఆ సద్దు నాకు మతికి ఉండాది. మంద నడాన గొర్రె మెడ గంట ఊడి పడితే ఏ గొర్రెదో చెప్తా నేను. నీ మిషను ఒక లెక్కా?"

"మరి పడిందా అని అడిగితివే?"

"అడిగితి. పడింది అంటివి."

కంబళి సర్దుకున్నాడు.

"మరి అంగడికి ఎందుకు వస్తివి, అన్ని తూర్లు?"

"చెప్తావేమో అని."

 అరవై ఎనిమిదేళ్ళలో నన్ను చాలామంది తిట్టారు, నేనూ తిట్టాను. ఎవరికీ తల దించలేదు. ఈ మనిషి తిట్టను కూడా లేదు. పనులన్నీ మానుకుని, పొర కమ్మిన కళ్ళతో ఆ ఎండలో నడిచి నడిచి వచ్చాడు, నేను మనిషిని అనిపించుకోవడానికి అవకాశం ఇవ్వడానికి. నేను ప్రతిసారీ రేపు, ఎల్లుండి అన్నాను.

ఇంక దాచేది ఏమీ లేదు కాబట్టి సెల్లుల సంగతి కూడా చెప్పాను. పిడి సంగతి, హేమావతి చెప్పిన సంగతి, నేను వద్దన్న సంగతి, ఫ్లాష్‌లో నాలుగు, నీ రేడియోలో రెండు, అన్నీ. చెయ్యి వణికే సంగతి కూడా చెప్పాను. అది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

తిప్పయ్య విన్నాడు. మెడలోంచి రేడియో తీసి, వెనక మూత గోటితో ఎత్తి, రెండు సెల్లులు అరచేతిలో వేసుకుని నా దిక్కు చాపాడు.

"వెయ్యి."

"ఇప్పుడెందుకప్పా?"

"ఆరు వేస్తే పని చేస్తాది అంటివి కదా. వేసి చూపియ్యి. ఇంగ నువ్వు చెప్పేది ఏదీ నేను ఊరికే నమ్మను."

వేశాను. కెమెరా వెలిగింది.

"వెలిగింది" అన్నాను.

"అయితే నన్ను తీయి. బతికి ఉండంగనే తీయి. నేను పోయిన పొద్దు నీ సెల్లులు ఉంటాయో ఉండవో." నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అరుగు మీద సర్దుకుని కూర్చున్నాడు. తలపాగా సరిచేసుకున్నాడు. నేను కెమెరాను నిలువుగా తిప్పి, పిడి మీది బటన్‌కు వేలు ఆనించాను. చెయ్యి కదలలేదు.

"నిలువా, అడ్డమా?" అన్నాడు.

"నిలువు. ఒక మనిషికి నిలువే బాగుంటాది."

"అడ్డం తీయి."

"ఎందుకు? పక్కన అంతా ఒట్టి బండ వస్తాది."

"రానీ. జాగ వదిలిపెట్టినా."

అప్పుడు చూశాను. అరుగుకు ఒక కొసన ఒదిగి కూర్చున్నాడు. కుడిపక్కన ఇంకొక మనిషి పట్టేంత చోటు.

అడ్డం తిప్పాను. ఫ్లాష్‌లో సెల్లులు లేవు, మెరుపు రాదు. పిడి బరువు రెండు చేతుల్లోనూ ఉంది. నొక్కాను.

టక్.

తిప్పయ్య తల ఆడించాడు.

"ఆఁ. పడింది" అన్నాడు.

క్షమించినా అని ఆయన అనలేదు. నేను అడగలేదు. వచ్చేటప్పుడు సెల్లులు తిరిగి ఇస్తే, రేడియోలో వేసుకుని కొంచెం సేపు దాని చక్రం తిప్పి, మళ్ళీ ఆపేశాడు.

మే 15

హేమావతి ఫోటో పెద్దగా చేసి ఇచ్చింది. పక్కన ఖాళీ ఎక్కువైంది, కత్తిరిద్దామా అని అడగలేదు. ఆమెకు నేను ఏమీ చెప్పలేదు, అయినా అడగలేదు.

కవరు మీద పేరు రాయడానికి కూర్చున్నాను. చెయ్యి వణికింది. వణికితే వణకనీ అనుకుని రాశాను.

తిప్పయ్య, మారెక్క.